మెడ దగ్గర అతుకు

గాలిపటాల క్లబ్బులో అందరికీ ఆవిడ వదినగారే. నిజానికి ఆవిడకి మరిది వరసయ్యేవాడు ఒక్కడూ లేడు. బస్సు నడిపి రిటైరైన ఒకాయన ఆవిడ భర్తని అన్నయ్యా అని పిలిచేవాడు. ఆ లెక్కన ఆవిడ ఆయనకి వదినయింది, ఆయన నోటి మీదుగా ఆ పిలుపు క్లబ్బంతా పాకింది. ఆయన్ని మాత్రం అందరూ స్టీరింగు అంటారు. నిలబడి కబుర్లు చెబుతున్నా రెండు చేతులూ గాలిలో గుండ్రంగా తిప్పుతూనే ఉంటాడని పెట్టిన పేరు.

శనివారం మధ్యాహ్నం కుట్టు నేర్పే బడి వాళ్ల గది అడిగి పుచ్చుకుని, క్లబ్బంతా బ్యానర్లు కుడుతోంది. రేపు కాక వచ్చే ఆదివారం మైదానంలో గాలిపటాలు ఎగరేసే రోజు. ఆ రోజు మైదానం అంచున వరసగా నిలబెట్టే బ్యానర్లివి. పక్షి ఈకలా సన్నగా, మనిషికి రెండింతల ఎత్తున ఉంటాయి. ఈ ఏడు అన్ని బ్యానర్లూ కలిపి ఒకే పక్షి వచ్చేలా డ్రాయింగు మాస్టారు బొమ్మ గీశారు. ఒకదాని మీద తోక, పక్కదాని మీద రెక్క, నడిమిదాని మీద మెడ, తల. క్లబ్బుకి అధ్యక్షుడు ఆయనే. అందుకని మెడ ఎలా ఉండాలో చెప్పిందే మళ్లీ చెబుతూ బల్ల చుట్టూ తిరుగుతున్నారు.

"మెడ పసుపు. ఆకాశం నీలం. ఒళ్లు తెలుపు. ఎక్కడ ఏ పొర ఉంచాలో, ఏది కోసెయ్యాలో గుర్తుపెట్టుకోండి!"

"గుర్తుంది మాస్టారూ, పరీక్ష పెట్టినా రాసేస్తాం" అంది ఆసుపత్రిలో నర్సుగా చేసే నర్సమ్మ, కుట్టు మిషను తొక్కుతూనే.

పని చెప్పడానికి తేలికే. పైన తెల్ల నైలాను, దాని కింద పసుపు, అడుగున నీలం. మూడు గుడ్డలూ ఒకదాని మీద ఒకటి పరిచి, గీసిన గీతల వెంట మూడింటినీ కలిపి కుట్టేస్తారు. తర్వాత వెనక నుంచి కొంత, ముందు నుంచి కొంత, అక్కర్లేని పొరలు కత్తిరించుకుంటూ పోతారు. ప్రతి చోటా చివరికి ఒక్క పొరే మిగలాలి. అప్పుడే ఎండలో దీపం పెట్టినట్టు రంగు వెలుగుతుంది. మెడ దగ్గరైతే వెనక నుంచి నీలం తీసెయ్యాలి, ముందు నుంచి తెలుపు తీసెయ్యాలి, నడుమ పసుపు నిలవాలి. దీనికి వాడే కత్తెరకి ఒక రేకు బాతు ముక్కులా వెడల్పుగా ఉంటుంది, అడుగు పొర తెగకుండా కాపు కాస్తుంది. అయితే నైలాను గుడ్డలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రెండు వేళ్లతో పట్టి నలిపి, చేతిలోకి వచ్చింది ఒక పొరో రెండో తేల్చుకున్నాకే కత్తెర పెట్టాలి.

ఆ పనిలో వదినగారి చెయ్యి పడితే తిరుగులేదని క్లబ్బులో పేరు. కిటికీ పక్క కుర్చీ ఆవిడది. అంతకుముందు ఆవిడ భర్తది. కత్తెరా ఆయనదే. ఆయన బొటనవేలు పట్టిన చోట పిడి నున్నబడి మెరుస్తుంది. ఆయన పోయాక ఆవిడ ఇంట్లో మాట్లాడే మాటలు రోజుకి చాలా తక్కువ. ఈ కుర్చీలో కూర్చున్నప్పుడే నలుగురూ వదినగారూ వదినగారూ అని నోరారా పిలిచేది.

మెడ వెనక వైపు కోస్తుండగా మబ్బు కమ్మింది.

"లైటు వేయనా వదినగారూ?" అడిగింది నర్సమ్మ.

"నాకెందుకమ్మా లైటు? ఇది కళ్లతో చేసే పనా? వేళ్లతో చేసేది" అంది ఆవిడ.

అని, వేళ్లతో నలిపి, నీలం గుడ్డని పైకి లాగి, కత్తెర పెట్టింది. కుట్టు వెంట కరకరా తిప్పుకుంటూ మెడ చుట్టూ వచ్చి, తెగిన ముక్కని కిందికి జారవిడిచింది. లోపల లేత పసుపు కనిపించింది. ఆవిడకి అది పసుపే. బల్ల మీద చెయ్యి ఆనించి, "ఇదిగో, వెనక పనైపోయింది. తిప్పుకోండి" అంది.

ఇంతలో స్టీరింగు స్టీలు గ్లాసులో టీ తెచ్చాడు. "తాగు వదినా. ముందు వైపు నేను లాగించేస్తాను. అన్నయ్య ఉన్నప్పుడు వెనక ఆయన, ముందు నేను, అంతే కదా మన రూటు!"

"రూటు సరేగానీ, నెమ్మదిగా. నీకు ఓవర్‌టేకు బుద్ధి ఎక్కువ."

"నా సర్వీసులో ఒక్క గీత పడలేదు బండికి. అడుగు ఎవర్నైనా!"

బ్యానరు తిరగేశారు. బల్ల మీద పరిచిన పాత రెగ్జిను కూడా వెలిసిన పసుపు రంగే. స్టీరింగు తెల్ల పొరని పట్టి, నలిపి, చిన్న గాటు పెట్టి, లోపల పసుపు కనిపించిందని తల ఊపి, కుట్టు వెంట కోసుకుంటూ వెళ్లాడు. ఈ మధ్య ఆయన చెయ్యి కొద్దిగా వణుకుతోంది. అందుకని ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మరీ కోశాడు. తెల్ల ముక్క తీసి పక్కన పడేసి, "మాస్టారూ, రైట్ రైట్!" అన్నాడు.

మాస్టారు బ్యానరు రెండు చేతులా ఎత్తి, కిటికీ వెలుగుకి పట్టి చూశారు. పక్షి మెడ ఉండాల్సిన చోట కిటికీ ఊచలు కనిపించాయి. ఊచల అవతల ఎదురింటి డాబా, దాని మీద ఆరేసిన గళ్ల చొక్కా.

"అదేంటి, పక్షి మెడలో చొక్కా ఆరేశారెవరో!" అన్నాడు కొరియర్ అబ్బాయి. క్లబ్బులో అందరికంటే వయసులో చిన్నవాడు, నోరు ఊరుకోనివాడు. ఒకరిద్దరు నవ్వారు. మాస్టారి మొహం చూసి ఆపేశారు.

"ఏంటిది స్టీరింగూ? రెండు పొరలూ కలిపి కోసేశావా?"

"లేదు మాస్టారూ. తెల్లదొక్కటే తీశాను."

"ఒక్కటే తీస్తే పసుపేదయ్యా? ఎగిరిపోయిందా?"

స్టీరింగు బ్యానరు వంక చూశాడు. తర్వాత తన చేతి వంక చూశాడు. గదిలో ఉన్న ప్రతివాళ్లూ ఆ చేతినే చూశారు. చూస్తున్నారని తెలిసి ఆ చెయ్యి మరికాస్త వణికింది. కత్తెర బల్ల మీద పెడుతుంటే టకటకమని చప్పుడైంది.

నవ్వినవాళ్లలో వదినగారూ ఉంది. మాస్టారు అలా అడుగుతుండగానే కాలికి ఏదో మెత్తగా తగిలితే, అలవాటు ప్రకారం వంగి తీసింది. ఇందాక తను కోసి పడేసిన నీలం ముక్క, మెడ ఆకారంలో. రెండు వేళ్ల మధ్య నలిపింది. జారింది. మళ్లీ నలిపింది. రెండు పొరలు.

నేల నిండా అన్ని రంగుల పీలికలే. ఎవరూ ఆవిడ వైపు చూడటం లేదు. ఆవిడ ఆ ముక్కని మడిచి, కళ్లజోడు పెట్టె వెతుక్కుంటున్నట్టు చేతిసంచిలోకి చెయ్యి పోనిచ్చి, అడుగున పెట్టేసింది. ఆ పని ఆలోచించి చేసింది కాదు. కానీ సంచి మూతి దగ్గరికి లాగి ముడి వేసినప్పుడు మాత్రం ఆలోచించే వేసింది.

ఇంటికెళ్లాక ఆవిడ ఆ ముక్కలు బయటికి తీసి, నీలాన్నీ రెండోదాన్నీ విడదీసింది. అవి చిటపటమని విడిపోయాయి. రెండోది ఏ రంగో ఆవిడకి తెలియలేదు. గదిలో తెల్ల దిండు గలీబు మీద పెట్టి చూసింది. గలీబూ ముక్కా ఒకేలా ఉన్నాయి.

అయితే ఇది తెల్ల ముక్కేనేమో. నేల మీద ఎక్కడిదో తెల్ల పీలిక వచ్చి నీలానికి అతుక్కుందేమో. నైలానుకి ఆ గుణం ఉందిగా.

ఆ గలీబుల విషయంలోనే కిందటి నెల ఇస్త్రీ అతనితో గొడవైంది. తెల్లవన్నీ పసుపుపచ్చగా చేసి తెస్తున్నావని వీధిలోకి వినపడేలా తిట్టి, అతన్ని మాన్పించేసింది. "అమ్మా, తెల్లగానే ఉన్నాయమ్మా" అని అతను గలీబు ఎండలో పట్టి చూపించాడు. ఎండలోనూ ఆవిడకి పచ్చగానే కనిపించింది. ఇప్పుడా సంగతి గుర్తొచ్చి ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. రెండు ముక్కల అంచులూ పక్కపక్కన పెట్టి వేలితో తడిమితే ఒక్క కోతలో తెగాయో లేదో తేలిపోతుంది. ఎదురింటావిడని పిలిచి ఇదేం రంగని అడిగినా తేలిపోతుంది. ఆవిడ అంచులు తడమలేదు, ఎవర్నీ పిలవలేదు. రెండింటినీ మళ్లీ సంచిలో పెట్టి, సంచిని మేకుకి తగిలించింది.

మర్నాడు అందరూ మళ్లీ కుట్టు గదిలో చేరారు. కన్నానికి అతుకు వెయ్యాలి. పసుపు గుడ్డ కొంచెం పెద్దదిగా కోసి, వెనక నుంచి పెట్టి, మెడ చుట్టూ మళ్లీ కుట్టడమే దారి. కుట్టు మీద కుట్టు పడుతుంది, అంచున పొరలు పేరుకుంటాయి. ఎండ వెనక నుంచి పడితే మెడ చుట్టూ నల్ల గీత కనిపిస్తుంది.

"కనిపిస్తే కనిపించింది. ఇప్పుడేం చేస్తాం" అన్నారు మాస్టారు. మాట స్టీరింగుకి తగిలేలాగే అన్నారు.

స్టీరింగు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని, బ్యానర్లు నిలబెట్టే ఫైబర్ గొట్టాలు పొడుగు ప్రకారం సర్దుతున్నాడు. ఎవరూ ఆ పని ఆయనకి చెప్పలేదు. వచ్చీ రావడంతోనే అక్కడ కూర్చున్నాడు. చేతులు గాలిలో తిరగడం లేదు. టీ ఇస్తే, గ్లాసు పట్టుకోకుండా పక్కన పెట్టమన్నాడు.

"ఇంకో సంగతి" అన్నారు మాస్టారు, గొంతు సవరించుకుని. "మైదానంలో పెద్దది ఎగరేసేటప్పుడు, ఈసారి దారం మన కొరియర్ పట్టుకుంటాడు."

పెద్దదంటే క్లబ్బుకంతటికీ ఒక్కటే ఉన్న మహా గాలిపటం. లారీ మీద కప్పే పట్టా అంత ఉంటుంది. గాలి నిండితే మనిషిని ఈడ్చుకుపోతుంది. ఆ దారం మొదటి నుంచీ స్టీరింగుదే. ఆయన నడుముకి కట్టిన పట్టీని వెనక నుంచి వదినగారి భర్త పట్టుకుని నిలబడేవాడు.

"నేనా?" అన్నాడు కొరియర్ అబ్బాయి, ఇబ్బందిగా. "పాపం, స్టీరింగు బాబాయ్ ఉండగా..."

"ఉన్నాడు కాబట్టే చెబుతున్నా. కింద జనముంటారు. చెయ్యి జారితే ఎవరికి తగులుతుందో ఏమో. ఏమంటావు స్టీరింగూ?"

"అనేదేముంది" అన్నాడు స్టీరింగు, గొట్టం కొస వేలితో తుడుస్తూ. "వాడు గట్టివాడు. పట్టుకోనివ్వండి."

 వదినగారు కత్తెర కింద పెట్టి, "మాస్టారూ" అంది. "వెనక వైపు చేసింది నేను కదా. నా పొరపాటు కూడా ఉండొచ్చు."

 నర్సమ్మ లేచి వచ్చి ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. "చూశారా? ఒకరి మీద మాట పడుతుంటే తట్టుకోలేదీవిడ. ఎంత మనసు!"

"వదినగారి చెయ్యి నాకు తెలీదా? మీరు ఆయన్ని వెనకేసుకొస్తున్నారు" అని మాస్టారు చిన్నగా నవ్వారు.

"కాదు మాస్టారూ, ఉండొచ్చని..."

"ఊరుకో వదినా" అన్నాడు స్టీరింగు, మొట్టమొదటిసారి తలెత్తి. "నా మీద జాలి పడకు. అది మాత్రం వద్దు."

సంచి ఆవిడ ఒళ్లోనే ఉంది. ముడి విప్పితే చాలు. ఆవిడ రెండు చేతులూ ముడి మీద పెట్టి కూర్చుంది. నర్సమ్మ అన్న మాట చెవుల్లో ఉండగానే, సాయంత్రం వరకు ఇంకో ఇద్దరు వచ్చి అదే మాట అన్నారు. ప్రతిసారీ ఆవిడ తల దించుకుంది. తల దించుకున్నకొద్దీ వాళ్లకి ఇంకా మంచిదానిలా కనిపించింది.

వారం మధ్యలో ఒక ఉదయం గేటు చప్పుడైంది. స్టీరింగు కాలినడకన వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం.

"బండేదయ్యా? ఎండలో నడిచొచ్చావా?"

"బండి తాళాలు అమ్మాయికి ఇచ్చేశాను" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "ఇదిగో, ఇవి నీ దగ్గరుంచు. అన్నయ్యవే కదా."

పొట్లంలో తోలు చేతితొడుగులు. పెద్దదాని దారం ఒరుసుకుని అరచేతుల దగ్గర నల్లబడి, చెక్కలా బిరుసెక్కినవి.

"నాకెందుకివి?"

"నాకు మాత్రం ఎందుకు?"

ఆవిడ మంచినీళ్లు తెచ్చింది. ఆయన గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగి, కింద పెట్టాడు.

"చేతుల సంగతి కాదు వదినా. చేతులు వణికితే వణికాయి, వయసొచ్చింది. నేను తెల్లదొక్కటే కోశాను. నాకు బాగా గుర్తు. వేళ్లతో నలిపాను, గాటు పెట్టాను, కింద పసుపు చూశాను. కళ్లారా చూశాను. మరి అది అక్కడ లేదు. అంటే ఏంటి? చెయ్యనిది చేసినట్టు, చూడనిది చూసినట్టు అనిపిస్తోందన్నమాట. బుర్ర పోతోంది నాకు."

"ఛ, ఏం మాటలవి!"

"మా నాన్నకీ అలాగే మొదలైంది. చివరికి నన్నే ఎవరు బాబూ నువ్వు అనేవాడు. అందుకే రోజూ పొద్దున్నే పరీక్ష పెట్టుకుంటున్నా. నా రూటు మొత్తం చెప్పుకుంటా. విను." వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. "డిపో, మార్కెట్టు, పాత వంతెన, నీళ్ల ట్యాంకు, పెద్దాసుపత్రి... పెద్దాసుపత్రి తర్వాత..." వేలు సగం మడిచి ఆగిపోయాడు. "ఆసుపత్రి దాటాక బండి ఎడమకి తిప్పుతాను. తిప్పాక... ఏముంటుంది వదినా అక్కడ?"

ఆవిడకి తెలియదు. ఆవిడ ఆ బస్సెక్కింది ఎప్పుడో. తెలిసిన సంగతి ఇంకొకటుంది. అది గోడ మేకుకి వేలాడుతోంది, ఆయన తల వెనకే.

"కంగారులో గుర్తురాదు. నిదానంగా అదే వస్తుంది" అంది. 

"అంతేలే" అని ఆయన లేచాడు. వెళుతూ గేటు గడియ పెట్టాడు. రెండడుగులు వేసి వెనక్కొచ్చి, గడియ పట్టి కదిపి చూసుకున్నాడు. వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ తిరిగొచ్చాడు. గడియ పడే ఉంది. దాన్ని ముట్టుకుని, పడిందని పైకే తనకి తను చెప్పుకుని, అప్పుడు వెళ్లాడు.

వదినగారు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. జనంతో కిక్కిరిసిన బస్సుని వానలో, చీకట్లో ఒక్క గీత పడకుండా నడిపిన మనిషి. గేటు గడియని నమ్మలేకపోతున్నాడు.

ఆవిడ సంచి తీసుకుని నేరుగా ఎదురింటికి వెళ్లింది. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తోంది. వదినగారు నీలం కాని ముక్క తీసి చూపించింది.

"ఏమమ్మా, ఇదేం రంగు?"

"పసుపు పిన్నిగారూ. నిమ్మపండులా ఎంత బాగుందో. జాకెట్టుకా?"

 వదినగారు అక్కడే నిలబడి రెండు ముక్కల అంచులూ కలిపి, బొటనవేలి గోరుతో చుట్టూ తడిమింది. ఒకటి ఎగుడుదిగుడైన చోట రెండోదీ ఎగుడుదిగుడే. కత్తెర ఆగి మళ్లీ కదిలిన చోట రెండింటికీ ఒకే నొక్కు.

అటునుంచి అటే స్టీరింగు ఇంటికి వెళ్లింది. ఆయన కూతురు ఆఫీసుకి వెళ్లిపోయింది. ఆయన ముందు గదిలో చెక్కబల్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఇదేంటి వదినా, ఇప్పుడేగా వచ్చాను" అంటూ లేవబోయాడు. ఆవిడ రెండు ముక్కలూ ఆయన మోకాలి మీద పెట్టింది.

ఆయన నీలాన్ని చూశాడు, పసుపుని చూశాడు. ఒకదాని మీద ఒకటి పెట్టాడు. అంచుల వెంట వేలు పోనిచ్చాడు. పాతికేళ్లుగా చేస్తున్న పని, ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

"ఇది వెనక నుంచి కోసింది" అన్నాడు మెల్లగా. "రెండూ ఒక్కసారే. వెనకే పోయింది పసుపు. నేను గాటు పెట్టేటప్పటికే లేదక్కడ. మరి నేను చూసిన పసుపు... బల్ల మీద రెగ్జిను! వదినా, రెగ్జిను అది!" ఆయన చేతులు ఒక్కసారిగా గాలిలో లేచి గుండ్రంగా తిరిగాయి. "నాకు పిచ్చెక్కలేదు! రైల్వే గేటు! ఆసుపత్రి తర్వాత రైల్వే గేటు, గేటు తర్వాత సినిమా హాలు, ఆ తర్వాత కోర్టు! ఛీ, దానెమ్మ, రోజూ అక్కడ గేటు పడితే తిట్టుకునేవాణ్ణి కదా!"

నవ్వుతున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వదినగారు కూడా నవ్వబోయింది. ఆ నవ్వులోనే ఆయన మొహం మారింది.

"ఇవి నీకెక్కడ దొరికాయి?"

"నా కాలి దగ్గర."

"ఎప్పుడు?"

"ఆ రోజే. మాస్టారు నిన్ను అడుగుతున్నప్పుడు."

"అప్పట్నుంచీ?"

"సంచిలో."

 కళ్లు సరిగ్గా ఆనడం లేదనీ, రంగు తెలియలేదనీ, కుర్చీ పోతుందని భయమేసిందనీ చెప్పాలని ఆవిడ దారంతా కూడబలుక్కుని వచ్చింది. ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన ముక్కలు మడిచి బల్ల మీద పెట్టి, లేచి లోపలి గదిలోకి వెళ్లాడు. తలుపు వెయ్యలేదు. లోపల మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. అంతే.

ఆవిడ చాలాసేపు కూర్చుంది. "ఏమయ్యా" అని ఒకసారి పిలిచింది. తర్వాత ముక్కలు తీసుకుని, చెప్పులు వేసుకుని వచ్చేసింది. 

ఆదివారం మైదానంలో గాలి బాగుంది. బ్యానర్లు గొట్టాలకి తొడిగి వరసగా పాతారు. గాలికి ఫడఫడమంటున్నాయి. వదినగారి కంటికి అక్కడో పొడుగాటి వెలుగు ఊగుతోందని తెలుస్తోంది, అంతే. షామియానా కింద బల్ల దగ్గర మాస్టారు, నర్సమ్మ, తక్కినవాళ్లూ ఉన్నారు. కొరియర్ అబ్బాయి నడుముకి పట్టీ బిగించుకుంటున్నాడు. స్టీరింగు రాలేదు.

ఆవిడ బల్ల మీద రెండు ముక్కలూ పరిచింది.

"మెడ దగ్గర కన్నం నేను చేసింది. రెండు పొరలూ నేనే కోశాను."

"మళ్లీ మొదలెట్టారా వదినగారూ!" అన్నారు మాస్టారు. "మీ మంచితనం మాకు తెలుసు. అయిపోయిందేదో అయిపోయింది."

"మంచితనం కాదు. ఆ మాట ఇంకెవరూ అనకండి నన్ను. ఇవి చూడండి. ఆ రోజే దొరికాయి నాకు. దాచాను."

దాచాను అన్న మాటకి అందరూ దగ్గరికొచ్చారు. నర్సమ్మ ముక్కలు తీసి అంచులు కలిపి చూసింది. రెండూ ఒక్క కోతలో తెగాయని ఆమెకి అర్థమైంది. తన తెల్ల చేతిరుమాలు తీసి, పసుపు ముక్క పక్కన పెట్టింది.

"వదినగారూ, ఇందులో తెల్లదేది?"

ఎండ పడుతోంది బల్ల మీద. వదినగారు వంగి చూసింది. రెండూ పచ్చగానే ఉన్నాయి. ముట్టుకుంటే నూలేదో నైలానేదో వేళ్లకి తెలిసిపోతుంది. అందుకే చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఇది" అని గడ్డంతో చూపించింది.

 ఆవిడ చూపించింది పసుపు ముక్కని.

"శుక్లాలు" అంది నర్సమ్మ, గొంతు తగ్గించి. "బాగా ముదిరాయి. ఎన్నాళ్లయింది? ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే కత్తెర పట్టనివ్వరుగా" అంది వదినగారు.

ఆ రోజు స్టీరింగు చేతిని చూసినట్టే ఇవాళ అందరూ ఆవిడ కళ్లని చూశారు. నర్సమ్మ కూడా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఒక్క మాట, ఆ రోజే ఒక్క మాట అని ఉంటే..." అని, మిగతాది అనకుండా అటు తిరిగారు. ఆయనకి తను అన్న మాటలు గుర్తొచ్చినట్టున్నాయి. కొరియర్ అబ్బాయి నడుం పట్టీ విప్పేసి బల్ల మీద పెట్టాడు. వదినగారు సంచిలోంచి బాతుముక్కు కత్తెర తీసి ఆ పక్కనే పెట్టింది.

అప్పుడే మైదానం గేటు వైపు నుంచి స్కూటరు చప్పుడు. ఆ చప్పుడు ఆవిడకి తెలుసు. సైలెన్సరు బాగుచేయించమని ఎన్నేళ్లుగా మొత్తుకున్నా వినని బండి అది. తాళాలు తిరిగి పుచ్చుకున్నాడన్నమాట.

మాస్టారు ఎదురెళ్లారు. "స్టీరింగూ, నేను ఆ రోజు..."

"గాలి పడిపోకముందు కానిద్దాం మాస్టారూ" అన్నాడు స్టీరింగు, ఆగకుండా.

పట్టీ నడుముకి కట్టుకున్నాడు. తొడుగుల కోసం చుట్టూ చూశాడు. అవి వదినగారి సంచిలో ఉన్నాయి. ఆవిడ తీసి పట్టుకుంటే, చేతులు ముందుకి చాపాడు. ఆవిడే తొడిగింది. లోపల ఆయన వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆయన ఆవిడ మొహంలోకి చూడలేదు.

"మీరు పక్కకి జరగండి. దారం తగులుతుంది" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన ఆవిడని మీరు అనడం అదే మొదలు. ఆవిడ పక్కకి జరిగింది.

అవతల నలుగురు పెద్దదాన్ని ఎత్తి పట్టుకున్నారు. గాలి లోపలికి చొరబడింది. అది ఒకసారి గురక పెట్టినట్టు చప్పుడు చేసి, ఉబ్బి, నేల విడిచింది. దారం బిగిసి మోగింది. స్టీరింగు వెనక్కి వాలాడు. చెప్పుల కింద గడ్డి ఊడింది. ఒక అడుగు ముందుకి ఈడ్చుకుపోయింది, ఇంకో అడుగు.

"పట్టీ! వెనక పట్టీ పట్టుకోండెవరైనా!" అని అరిచాడు, తల తిప్పకుండా.

కొరియర్ అబ్బాయి అవతలి వైపున్నాడు, పరుగెత్తుకు రావాలి. మాస్టారు ఎక్కడ పట్టుకోవాలో తెలియక తడబడ్డారు. వదినగారు దగ్గర్లోనే ఉంది. చేతులు చాపి తడిమింది, పట్టీ దొరికింది. రెండు చేతులా మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుని, ఆయన అన్నయ్య నిలబడినట్టే నిలబడింది.

ఈడ్పు ఆగింది.

"ఎవరది?" అన్నాడు.

"నేను."

దారం మోగుతూనే ఉంది.  ఆయన వదిలెయ్యమని అనలేదు. పెద్దది పైకి పోయేకొద్దీ దాని నీడ మైదానం మీద చల్లగా వాళ్ల మీదుగా వెళ్లింది.

"ఏమయ్యా" అంది ఆవిడ, ఆయన వీపుతో. "ఎండ బ్యానర్ల వెనక నుంచి పడుతోందా?"

"పడుతోంది."

"మెడ దగ్గర అతుకు కనిపిస్తోందా?"

ఆయన తల కొంచెం పక్కకి తిరిగింది. కాసేపు చూశాడు.

"కనిపిస్తోంది. మెడ చుట్టూ నల్లగా గీత గీసినట్టు. గేటు దగ్గర్నుంచే కనిపించింది నాకు."

"ఊఁ" అంది ఆవిడ.

గాలి విసురుగా వచ్చింది. ఆయన భుజాలు ముందుకి వంగాయి.

"గట్టిగా పట్టుకో" అన్నాడు. "చూపుతో పనిలేదు దీనికి."

ఆవిడ తలెత్తలేదు. మడమలు గడ్డిలో గుచ్చి, పట్టీ ఇంకో చుట్టు చుట్టుకుని, వెనక్కి వాలింది.